అంచులేని పలక

జిల్లా మొత్తంలో ఊపిరి పీల్చుకోవడానికి పనికొచ్చే గాలి ఒకే ఒక్క గదిలో ఉంది. ఆ గదిలోకి మనుషుల్ని మామూలుగా రానివ్వరు. రావాలంటే నెత్తి నుంచి అరికాలి దాకా తెల్లటి ముసుగు తొడుక్కుని, కళ్లు మాత్రం బయట పెట్టుకుని రావాలి. ఎందుకంటే ఆ గాలి మనుషుల కోసం కాదు, సిలికాన్ పలకల కోసం. అద్దంలా మెరిసే ఆ గుండ్రటి పలకల మీద కంటికి ఆనని గీతలు అచ్చుకొట్టి, చదరాలుగా కోస్తే ఒక్కో చదరం ఒక్కో చిప్పు అవుతుంది. మీద ధూళి పడిందా, ఆ చిప్పు చచ్చినట్టే. అందుకని గాలిని వడగట్టి, వడగట్టినదాన్ని మళ్లీ వడగట్టి, చంటిబిడ్డకు పాలు పట్టినంత జాగ్రత్తగా లోపలికి వదులుతారు.

ఆ గాలి వల్ల చిప్పులు ఎంత బాగుపడ్డాయో గానీ ఓబులేసు మాత్రం బాగుపడ్డాడు.

ఎనిమిదో తరగతి తప్పిన దగ్గర్నుంచి ఓబులేసు ఆ గదికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఉన్న బండల ఫ్యాక్టరీల్లోనే పెరిగాడు. గనిలోంచి వచ్చిన నల్లబండల్ని మిషను మీద కోసి, పాలిష్ పట్టి, లారీలకెక్కించడం పని. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పొరలు పొరలుగా పేరుకుంది. పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పట్టి చూసి, "మళ్లీ బండల దుమ్ములోకి పోతే నా దగ్గరికి రావద్దు. వచ్చినా లాభం లేదు" అన్నాడు. సరిగ్గా అప్పుడే సర్కారు సొమ్ముతో పెట్టిన చిప్పుల సంస్థలో, క్లీన్ రూమనే ఆ గదిలో పలకల పెట్టెలు మోయడానికి కాంట్రాక్టు మనుషులు కావాలన్నారు. ఓబులేసు చేరాడు. చేరిన నెలకే దగ్గు తగ్గింది. రెండో నెలకు రాత్రిళ్లు పడుకోగలిగాడు. అప్పట్నుంచి అతనికి ఈ లోకంలో ఒకటే కోరిక. ఆ గదిలో పర్మనెంటు కావాలి. జీతం కోసం కాదు, గాలి కోసం.

అతనికున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు వేలి కణుపుతో ప్రతిదాన్నీ తట్టి చూడటం. బండల పనివాళ్లందరికీ అది ఉంటుంది. తట్టితే ఖంగుమన్న బండ గట్టిది, దబ్బుమన్న బండలో నెర్ర ఉన్నట్టు. ఓబులేసు పుచ్చకాయనే కాదు, తలుపునూ తడతాడు, బస్సు అద్దాన్నీ తడతాడు. పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు తట్టాడని అతని భార్య లింగమ్మ ఇప్పటికీ చెబుతుంది. సంస్థలో మాత్రం పలకలు మూత పెట్టెల్లో ఉంటాయి కాబట్టి ఆ వేలికి పని పడలేదు.

వేలికి పని లేకపోతే నోటికి వచ్చింది.

ఒకరోజు ఎం.డి. భూపాలం గారు సమీక్ష పెట్టారు. సంస్థ నష్టాల్లో ఉంది. ఎందుకుందో చెప్పమని ప్రాసెస్ ఇంజనీరు జబీన్‌ను పిలిచారు. కర్నూలమ్మాయి, సన్నగా, సూటిగా ఉంటుంది. చెడిపోయిన పలకను చూపించడానికి ఓబులేసు పెట్టె పట్టుకుని ఆమె వెనకాల నిలబడ్డాడు.

"పది చిప్పులు చేస్తే నాలుగే పనిచేస్తున్నాయి సార్. ముందు వాటిని ఏడు చెయ్యాలి. ఫిల్టర్లు మార్చాలి. కడిగే నీళ్లు బాగుచెయ్యాలి. ఆరు నెలలు ఓపిక పడితే ఏడవుతాయి" అంది జబీన్.

భూపాలం గారు ఆవలింత ఆపుకున్నారు. ఫిల్టరుకు రిబ్బను కట్టి కత్తిరించడం కుదరదు. ఓపిక ఫొటోలో పడదు. ఆయన చూపు పలక చివరికి వెళ్లింది.

"ఈ చివర సగం సగం ముక్కలున్నాయేమిటి?"

"గుండ్రటి పలకలో చదరాలు కోస్తే అంచున అట్లానే మిగులుతాయి సార్. అవి పనికిరావు."

"అనగా, సంస్థ యొక్క నష్టము అంచు వద్ద కేంద్రీకృతమై ఉన్నదన్నమాట."

"కాదు సార్, అది కొంచెమే. అసలు నష్టం మధ్యలో..."

ఇక్కడ ఓబులేసు గమ్మునుండాల్సింది. పర్మనెంటు చేసే మనిషి ఎదురుగా కూర్చున్నాడు. మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో. అతని నోరు అతన్నడక్కుండానే తెరుచుకుంది.

"మా బండల్లోనూ ఇంతే సార్. చిన్న బండ తెస్తే అంచులు కొట్టేసేదానికే సరిపోతాది. పెద్ద బండైతే అంచు ఖర్చు కలిసొస్తాది. ముక్కలు ఎక్కువ లేస్తాయి."

ఇందులో అబద్ధం లేదు. అదే చిక్కు. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకుని ఆపేవాళ్లు.

"నీ విద్యార్హత?" అన్నారు భూపాలం గారు.

"ఎనిమిది ఫెయిలు సార్."

"చూశారా. చదువు చేత కలుషితం కాని ఆలోచన."

జబీన్ ఓబులేసు వైపు ఓసారి చూసి, "అన్న చెప్పింది నిజమే సార్. ఎనిమిది అంగుళాల పలక నుంచి పన్నెండుకు పోయినవాళ్లు అందుకే పోయినారు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, చిప్పులు రెట్టింపు పైన వస్తాయి. కానీ యంత్రాలన్నీ కొత్తవి కావాలి. చిన్న పలకనే సరిగ్గా చేయలేని చోట పెద్ద పలక చేస్తే, చెడిపోయేవి కూడా రెట్టింపు పైనే వస్తాయి" అంది.

భూపాలం గారు 'నిజమే' దగ్గరే వినడం ఆపేశారు. ఆ సాయంత్రానికల్లా అంచు నష్ట నివారణ కమిటీ ఏర్పడింది. ఓబులేసు దాంట్లో ప్రత్యేక ఆహ్వానితుడు. పలకల్ని పెంచే పని పూర్తయిన రోజే పర్మనెంటు ఆర్డరు చేతికిస్తానని ఎం.డి. గారు అందరి ముందూ అన్నారు.

ఓబులేసు ఇంటికి పోయి లింగమ్మకు చెప్పాడు. ఆమె కూర కలుపుతూ వింది.

"ఆరడుగుల బండ సంగతి చెప్పినావా ఆయప్పకు?"

"ఏ బండ?"

"నీ మాట ఇని మీ సేటు గనిలో తోడించినాడే, ఆ బండ. లారీ కాడ నడిమికి ఇరిగి నీ కాలి మీద పడిండ్లా."

"అది వాళ్లు అడగలేదు."

"బూట్లు ఇప్పమనింటే తెలిసేది. ఎడమకాలికి మూడే వేళ్లుండాయి."

ఓబులేసు కాలు లోపలికి లాక్కున్నాడు. "అది రాయి. ఇది సిలికాను. చదువుకున్నోళ్లు చేస్తాండారు. ఇరగదు."

పన్నెండు అంగుళాల పలకలొచ్చాయి. కొత్త యంత్రాలు కొంటే ఈ జన్మకు తేలరని లెక్కలవాళ్లు చెప్పడంతో, ఉన్న యంత్రాల నోళ్లనే బస్టాండు దగ్గర లేతు మిషను పెట్టుకున్న మేస్త్రీ చేత పెద్దవి చేయించారు. ఆయన మంచి పనివాడు, ట్రాక్టర్లకు బాగా చేస్తాడు. పదిలో నాలుగు బతికే చిప్పులు పదిలో రెండు బతికాయి.

కమిటీలో జబీన్ ఆ మాట చెబితే భూపాలం గారు చెయ్యెత్తి ఆపారు. "ఈ కమిటీ పరిధి అంచు వరకే. అంచు నష్టము తగ్గినదా, లేదా?"

"తగ్గింది సార్, కానీ..."

"తగ్గినది. చప్పట్లు."

చప్పట్లు కొట్టారు. అందరికంటే చివర ఆపింది ఓబులేసు.

అంచు తగ్గినా నష్టం పెరిగిందంటే, అంచు చాలినంత తగ్గలేదనే కదా అర్థం. పద్దెనిమిది అంగుళాలకు పోదామన్నారు. పద్దెనిమిది దగ్గర ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్లే తడుముకుని ఆగిపోయారని జబీన్ చెప్పింది. మర్నాడు గేటు మీద బోర్డు వెలిసింది: 'ప్రపంచం ఆగిన చోట మన అడుగు మొదలు.' ఆ అడుగుతో బతికే చిప్పు పదిలో ఒకటైంది.

అప్పటికే సంస్థలో అందరికీ ప్రతిదాన్నీ పెద్దది చేసే పిచ్చి పట్టుకుంది. ఎం.డి. గారి బల్లను ఎంత పెంచారంటే, అవతలి కొసన కూర్చున్నవాళ్లు ఫోను చేసి మాట్లాడాల్సి వచ్చింది. క్యాంటీనులో ఇడ్లీకి అంచు ఎక్కువని తేల్చి, బండి చక్రమంత ఇడ్లీ ఒక్కటే వేసి, చదరాలుగా కోసి పంచారు. మధ్య ముక్కలు పర్మనెంటు వాళ్లకు, అంచు ముక్కలు కాంట్రాక్టు వాళ్లకు. మధ్య ముక్క ఉడకదు. అందుచేత ఆ కొద్దిరోజులూ కాంట్రాక్టు వాళ్లే కడుపునిండా తిన్నారు. కమిటీలో కూర్చున్న గౌరవానికి ఓబులేసుకు మధ్య ముక్క పెట్టేవాళ్లు. పిండి నములుతూ అతను గర్వపడేవాడు.

ఆఖరికి ఒకనాడు భూపాలం గారు సూటిగా అడిగారు. "అసలు అంచు నష్టము పూర్తిగా సున్నా కావలెనన్న, పలక ఎంత ఉండవలెను?"

జబీన్‌కు విసుగొచ్చింది. "దానికి అంతు లేదు సార్. అనంతం కావాలి."

భూపాలం గారు సెక్రటరీ వైపు తిరిగారు. "రాసుకోండి. 'అనంతము' అను పరిమాణమును సూత్రప్రాయముగా ఆమోదించడమైనది. మొదటి దశ క్రింద పది అడుగులు చేపట్టవలెను."

అదే మీటింగులో ఇంకో తీర్మానం కూడా అయింది. పలకకు అంచు ఉన్నట్టే సంస్థకూ అంచు ఉన్నదని, పూర్తి ఉద్యోగులు కానివారు సగం ముక్కల వంటివారని పర్సనల్ మేనేజరు కనిపెట్టాడు. కాబట్టి పది అడుగుల పలకను ఆవిష్కరించిన మర్నాటి నుంచి కాంట్రాక్టు సిబ్బంది ఉండరు. ఓబులేసు ఒక్కడే మధ్యలోకి జరుగుతాడు.

ఈ మాట పెట్టెలు మోసే మద్దిలేటికి తెలిసింది. వాడు ఓబులేసుతో పాటే బండలు కోసి, ఓబులేసుతో పాటే దగ్గి, అతని వెనకాలే ఇక్కడికి వచ్చినవాడు.

"మామా, బాగుండావా?" అన్నాడు ముసుగు తొడుక్కుంటూ.

"బాగుండా."

"బాగుంటావులే. నువ్వు అంచు కొట్టేయమన్యావు, వాళ్లు కొట్టేసినారు. మేము పోయి మళ్లా దుమ్ము తింటాములే."

"నేను పలక గురించి చెప్పినా, మద్దిలేటీ. మనుషుల గురించి చెప్పలేదు."

"వాళ్లకు తేడా తెలుసనుకుంటివా?"

ఓబులేసు ఎం.డి. గారితో మాట్లాడతానన్నాడు. ఎం.డి. గారి గది దాకా పోయాడు కూడా. ఆ పెద్ద బల్ల అవతలి కొసన కూర్చున్నాడు. ఆయన ఫోను ఎత్తలేదు.

పది అడుగుల పలక ఏదో దేశం నుంచి ఓడెక్కి, ఓడ దిగి, నలభై చక్రాల లారీ ఎక్కి వచ్చింది. అది ఎంత పెద్దదో అంత పల్చన. వచ్చాక తెలిసింది, క్లీన్ రూము తలుపు నాలుగడుగులని. తలుపు పెద్దది చేస్తే తలుపుకున్న అంచు పెరుగుతుందని కమిటీ వద్దంది. అందుకని రోడ్డు వైపున్న గోడనే పడగొట్టారు.

ఆ రోజు ఓబులేసు లోపలే ఉన్నాడు. గోడ కూలిన చోటు నుంచి ఎండ వచ్చింది, లారీల హారన్లు వచ్చాయి, వాటి వెనక తెల్లగా, మెత్తగా, చిన్నప్పట్నుంచి ఎరిగిన చుట్టంలాగా బండల దుమ్ము వచ్చింది. ఓబులేసు గొంతులో గరగరమంది. పనైపోగానే గోడ కట్టేస్తారులే అనుకున్నాడు. ఆర్డరు చేతికొచ్చేదాకా దగ్గకూడదని గట్టిగా ఊపిరి బిగబట్టాడు.

ఇంకో చిక్కు వచ్చింది. గీతలు అచ్చుకొట్టే యంత్రం ఎంత సాగదీసినా పద్దెనిమిది అంగుళాలకు మించి అచ్చువేయదు. కాబట్టి పది అడుగుల పలకలో నట్టనడుమ సంగటి పళ్లెమంత చోట చిప్పులు పడ్డాయి. చుట్టూ మిగిలిందంతా ఖాళీ.

"సార్, ఇప్పుడు పలకంతా అంచే కదా" అంది జబీన్.

"అది అంచు కాదమ్మా. భావి విస్తరణ నిమిత్తము కేటాయించబడిన స్థలము" అన్నారు భూపాలం గారు. ఆ రోజు నుంచి జబీన్ కమిటీలో కూర్చుని గోళ్లు చూసుకునేది.

ఆవిష్కరణకు రాజధాని నుంచి ముఖ్య అతిథి వచ్చారు. పలకను ఇనుప చట్రంలో నిలబెట్టి, ముందు ఎర్ర తెర కట్టారు. గోడ లేదు కాబట్టి షామియానా నేరుగా క్లీన్ రూములోకే వేశారు. ముందు వరసలో పర్మనెంటు వాళ్లు, చుట్టూ అంచున కాంట్రాక్టు వాళ్లు. మద్దిలేటి చేతులు కట్టుకుని ఓబులేసునే చూస్తున్నాడు. ఓబులేసు ఇస్త్రీ చేసిన ముసుగు తొడుక్కుని వేదిక పక్కన ఉన్నాడు. ఆర్డరు భూపాలం గారి జేబులోంచి తెల్లగా తొంగి చూస్తోంది.

"ఈ బృహత్ పలకకు మూలపురుషుడు ఒక సామాన్యుడు" అన్నారు భూపాలం గారు మైకులో. "మన ప్రాంతపు సంప్రదాయ విజ్ఞానము ప్రకారము ఈ పలక పటుత్వమును అతడే పరీక్షించి ధ్రువీకరించును."

ఈ సంగతి ఓబులేసుకు ముందు చెప్పలేదు. కానీ ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న వేలికి చెప్పక్కర్లేదు. తెర తొలగగానే అతను ముందుకు పోయి, చూపుడువేలి కణుపుతో పలకను ఒక్కసారి తట్టాడు.

ఖంగుమంది. అట్లాంటి ఖంగు ఓబులేసు బతుకులో వినలేదు. గుడి గంటకన్నా సన్నగా, తీయగా, మోగి మోగి ఆగింది. ఒక్క క్షణం ఓబులేసుకు నిజంగానే తానేదో గొప్ప పని చేశాననిపించింది. నెర్ర లేదు. పలక గట్టిదే.

"మరొక్కసారి" అన్నారు ముఖ్య అతిథి. ఫొటో సరిగ్గా రాలేదట.

ఓబులేసు చెయ్యెత్తాడు. అదే సమయానికి రోడ్డవతల ఏదో ఫ్యాక్టరీలో మిషను వేశారు. షామియానా కింద నుంచి తెల్లటి పొర ఒకటి మెల్లగా లోపలికొచ్చింది. నెలన్నరగా బిగబట్టిన దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మనిషి విల్లులా వంగాడు. చెయ్యి మాత్రం ఒంటి బరువంతటితో మొదలుపెట్టిన పని పూర్తి చేసింది.

పలక పెద్ద చప్పుడేమీ చేయలేదు. పై నుంచి కిందికి ఒక గీత పాకింది. దాని పక్క నుంచి ఇంకొకటి. తర్వాత మొత్తం, భావి విస్తరణ స్థలంతో సహా, చినుకులు పడ్డట్టు నేల మీదికి రాలింది.

ఎవరూ ఊపిరి తీయలేదు, ఓబులేసు తప్ప. అతను ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. మొహం దాచుకోవడానికి చోటు లేదు. ఆర్డరు వైపు చూశాడు. అది జేబులోకి కుంగినట్టనిపించింది.

భూపాలం గారు మైకు దగ్గరికి వచ్చారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనది, ఊరికే రాలేదు.

"ఈ ఏటి ఉత్పత్తి లక్ష్యము వెయ్యి పలకలు. ఇప్పటి వరకు జరిగినది మూడు వందలు. దయచేసి లెక్కించండి."

ఒంగి, ఒక్కో ముక్కనూ ఒక్కో పలకగా లెక్కపెట్టారు. లక్ష్యం దాటింది. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టారు, ఆయన్ను చూసి అందరూ కొట్టారు. ఒక మంచి ముక్క ఏరి, చట్రం కట్టించి, ఆయనకే జ్ఞాపికగా ఇచ్చారు. పేపర్లలో 'ఒక్క తట్టుతో లక్ష్యం' అని వచ్చింది.

ప్రతి ముక్కకూ చుట్టూ అంచే ఉంది కాబట్టి కమిటీ తన అభిప్రాయం మార్చుకుంది. అంచులోనే లాభముందని, ఇక మీదట పలక ఎంత చిన్నదైతే అంత మేలని తీర్మానించింది. సంస్థకు కూడా అంచు అవసరమని కాంట్రాక్టు వాళ్లను ఉంచేశారు. మద్దిలేటి వచ్చి, "మామా, నీ దగ్గు మమ్మల్ని కాపాడింది" అన్నాడు. ఎగతాళో, మెచ్చుకోలో వాడి ముసుగులోంచి తెలియలేదు. ఓబులేసుకు ఆర్డరిచ్చారు. గోడ మాత్రం కట్టలేదు. ఉన్న సొమ్మంతా పలకకే అయిపోయింది. కూలిన చోట ఎరువుల సంచులు కుట్టి, పరదాగా కట్టారు. గాలి మిషన్లు ఆపేశారు, ఇంకెందుకని.

జబీన్ ఉద్యోగం మానేసి వెళ్లిపోతూ తన మాస్కుల పెట్టె ఓబులేసు చేతిలో పెట్టింది. "ఇవి మంచివన్నా. పొదుపుగా వాడుకో" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని అతననుకున్నాడు.

ఆ సాయంత్రం లింగమ్మ ఆర్డరు వైపు చూడలేదు, మొగుడి మొహం చూసింది.

"పర్మనెంటా?"

"ఊఁ."

"యాడ, ఆ గదిలోనేనా?"

"ఆ గదిలోనే."

ఆమె నీళ్లు కాచి, పసుపు వేసి చెంబుతో తెచ్చిచ్చింది. దగ్గుకు ఎప్పుడూ ఇచ్చేదే. బండల పని మానేశాక ఆ చెంబు అటక మీదికెక్కింది, మళ్లీ దిగింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. అంచు నిపుణుడన్న కొత్త హోదాలో ఓబులేసును ఎం.డి. గారి పక్కనే కూర్చోబెట్టారు. ఈసారి మాత్రం ఏమడిగినా నోరు తెరవకూడదని అతను ఇంటి దగ్గరే ఒట్టు వేసుకుని వచ్చాడు.

"ఓబులేసు గారూ" అన్నారు భూపాలం గారు. గారు అనడం అదే మొదటిసారి. "చిన్నదానికి అంతు ఎక్కడ అని ఆలోచిస్తున్నాము. మీ బండల ఫ్యాక్టరీలలో అన్నింటికన్నా చిన్నగా వచ్చునది ఏమిటి? అదే, మెత్తగా, పొడి వలె. దానిని ఎవరైనా కొందురా?"

కొంటారు. ముగ్గుపిండి కింద వీధుల్లో తిప్పి అమ్ముతారు. ఓబులేసుకు ఆ సంగతి బాగా తెలుసు. పెదవులు బిగించాడు. పళ్లు బిగించాడు. సంచుల పరదా ఒకసారి ఎగిరి పడింది. లోపలి నుంచి ఎక్కడో మొదలై, రొమ్ములోంచి గొంతులోకి, గొంతులోంచి బిగించిన పళ్ల మీదికి దగ్గు వచ్చిపడింది. తల ఊగింది, పైకీ కిందికీ.

"కొందురట" అన్నారు భూపాలం గారు.

ఓబులేసు దగ్గు ఆగేసరికి దుమ్ము ఉత్పత్తి కమిటీ ఏర్పడి ఉంది. అందులో అతను శాశ్వత సభ్యుడు.